పడిపోయిన దూతలకు క్షమాపణ లేదా?

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల్లో బతికే ఒక మనిషి కనిపిస్తాడు. సంకెళ్లు వేస్తే తెంపేస్తాడు. రాత్రీపగలూ కేకలు పెడుతూ రాళ్లతో ఒళ్లు కోసుకుంటాడు. అతన్ని పట్టింది ఒక దయ్యం కాదు, దయ్యాల దండు. పేరడిగితే ‘సేన’ అని చెబుతుంది. యేసు ఎదురుపడగానే ఆ దండు బతిమాలడం మొదలుపెడుతుంది. ఏమేం అడిగాయో మూడు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కాలం రాకముందే మమ్మల్ని బాధించడానికి వచ్చావా అని మత్తయిలో నిలదీస్తాయి. ఈ ప్రాంతం నుంచి వెళ్లగొట్టవద్దని మార్కులో వేడుకుంటాయి. అగాధంలోకి పంపవద్దని లూకాలో ప్రాధేయపడతాయి. చివరికి కొండ పక్కన మేస్తున్న పందుల్లోకి పోనిమ్మంటాయి. ఆ కోరిక తీరింది కూడా. మార్కు లెక్క ప్రకారం సుమారు 2,000 పందులు వాలు మీదుగా పరుగెత్తి నీళ్లలో పడి చచ్చాయి.

ఎదుట నిలబడినది ఎవరో వాటికి బాగా తెలుసు. ‘సర్వోన్నతుడైన దేవుని కుమారుడా’ అని పిలిచాయి. శిష్యులకు ఆ సంగతి అప్పటికింకా సరిగ్గా తలకెక్కలేదు. పాపాలు క్షమించే అధికారం ఆయనకుందని కపెర్నహూములో పక్షవాయువు రోగిని లేపినప్పుడే తేలిపోయింది. అయినా ఆ దండులో ఒక్కటి కూడా క్షమించమని అడగలేదు. గడువు గురించి మాట్లాడాయి, చోటు అడిగాయి, పందులను అడిగాయి. ఖురాన్‌లో ఇబ్లీసు దేవుణ్ణి అడిగేది కూడా గడువే, క్షమాపణ కాదు.

తెలుగు సంఘాల్లో యూత్ మీటింగు చివర ప్రశ్నలకు కాస్త టైమ్ ఇస్తే ఈ విషయం ఎవరో ఒకరు లేవనెత్తుతారు. శత్రువులను ప్రేమించమని మనకు చెప్పిన దేవుడు సాతానును మాత్రం ఎందుకు క్షమించడు? దీనికి మామూలుగా వచ్చే జవాబు ఒక్క వాక్యం: వాడు మారుమనస్సు పొందడు కాబట్టి. తప్పు జవాబేమీ కాదు. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న తరుముకొస్తుంది. పొందడా, పొందలేడా? పొందలేకపోతే అలా చేసిందెవరు? సంఘ చరిత్రలో పెద్దపెద్ద బుర్రలన్నీ చిక్కుకున్నది ఇక్కడే.

ముందు బైబిలు నిజంగా ఎంత చెప్పిందో చూడాలి. ఎందుకంటే ప్రసంగాల్లో వినిపించే కథ బైబిల్లో ఒకచోట దొరకదు. లూసిఫర్ అనే గొప్ప దూత ఉండేవాడు, పరలోకంలో ఆరాధన నడిపించేవాడు, గర్వం తలకెక్కి దేవుని సింహాసనానికే ఎసరు పెట్టాడు, మూడోవంతు దూతలను వెంటేసుకుని పడిపోయాడు: ఇది మూడు నాలుగు చోట్ల నుంచి తెచ్చి కలిపి కుట్టిన కథ. యెషయా 14లో ఆకాశం నుంచి పడిన వేకువచుక్క బబులోను రాజును ఎగతాళి చేసే పాటలోనిది. యెహెజ్కేలు 28లో ఏదెను తోటలో రత్నాలతో మెరిసినవాడు తూరు రాజు. మూడోవంతు లెక్క ప్రకటన 12లో ఘటసర్పం తోకతో ఈడ్చిన నక్షత్రాలది. ఆ రాజుల మాటున ఉన్నది సాతానేనని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి ఓరిగెన్ వివరించాడు. ఆ వివరణే తర్వాతి తరాలకు కథగా స్థిరపడింది.

పాపం చేసిన దూతల గతి గురించి సూటిగా చెప్పే వచనాలు ముఖ్యంగా రెండు. దేవుడు వాళ్లను విడిచిపెట్టక కటిక చీకటి బిలాల్లోకి తోసి తీర్పు వరకు కావలిలో ఉంచాడని 2 పేతురు 2:4 అంటుంది. తమ స్థానాన్ని నిలుపుకోకుండా నివాసాన్ని విడిచిన దూతలను మహాదినం వరకు నిత్యపాశాలతో బంధించాడని యూదా పత్రిక 6వ వచనం అంటుంది. వీటికి మత్తయి 25:41 కలపవచ్చు: నిత్యాగ్ని అపవాదికీ వాని దూతలకూ సిద్ధపరచినది. శిక్ష ఉంది, స్థలం ఉంది, గడువు కూడా ఉంది. క్షమాపణ ఎందుకు దొరకలేదన్న కారణం మాత్రం ఎక్కడా రాసి లేదు. హెబ్రీ పత్రిక 2:16 ఇంకో సంగతి చెబుతుంది: ‘ఆయన ఎంతమాత్రమును దేవదూతల స్వభావమును ధరించుకొనక, అబ్రాహాము సంతాన స్వభావమును ధరించుకొనియున్నాడు.’ ఇది కూడా జరిగినది చెబుతోందే తప్ప ఎందుకన్నది చెప్పడం లేదు. కాబట్టి మనం వినే కారణాలన్నీ తర్వాతివాళ్లు ఆలోచించి కట్టినవే. ఆ మాట ఒప్పుకుంటే చర్చ చాలా తేలికవుతుంది.

యూదా పత్రిక రాసినవాడికి ఇంకో పుస్తకం బాగా తెలుసు. ఆదాము మొదలుకొని ఏడవవాడైన హనోకు ప్రవచించాడంటూ 14వ వచనంలో దానిలోని మాటలే ఎత్తి చెప్పాడు. ఆ హనోకు గ్రంథం యూదుల బైబిల్లో లేదు, తెలుగు బైబిల్లో లేదు. ఇథియోపియా, ఎరిత్రియా ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం లేఖనంగా నిలుపుకున్నాయి. స్కాట్లాండ్ యాత్రికుడు జేమ్స్ బ్రూస్ 1773లో ఇథియోపియా నుంచి దాని ప్రతులు యూరప్‌కు తెచ్చాడు. తర్వాత మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో అరామిక్ ముక్కలు బయటపడటంతో, అది క్రీస్తుకు పూర్వమే చలామణీలో ఉన్న పుస్తకమని రూఢి అయింది.

మన ప్రశ్నకు ఆ గ్రంథంలో ఒక పూర్తి సన్నివేశమే ఉంది. 200 మంది దూతలు హెర్మోను కొండ మీద దిగుతారు. వాళ్ల నాయకుడు షెమిహజాకు ఒక భయం: మీరంతా వెనక్కి తగ్గితే ఈ పాపం నా ఒక్కడి నెత్తిన పడుతుందేమో అంటాడు. దాంతో అందరూ ఒట్టేసుకుంటారు. మనుషుల కూతుళ్లను పెళ్లాడతారు, రాక్షసుల్లాంటి సంతానం పుడుతుంది. కత్తులు చేయడం, కళ్లకు రంగులు పెట్టడం, మంత్రతంత్రాలు మనుషులకు నేర్పుతారు. భూమి మీద రక్తం పారుతుంది, ఆ మొర పైకి వెళ్తుంది, తీర్పు ఖాయమవుతుంది. ఆ కబురు హనోకు తెచ్చినప్పుడు దూతలు వణికిపోతారు. సిగ్గుతో ఆకాశం వైపు తలెత్తలేరు, నోరు విప్పలేరు. కలెక్టరాఫీసు ముందు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి పట్టుకున్నట్టు హనోకును పట్టుకుని, మా తరఫున క్షమాపణ అర్జీ రాసి పైకి వినిపించమంటారు. ఆయన ఒక్కొక్కరి పేరునా రాస్తాడు. హెర్మోనుకు నైరుతి దిక్కున దాను నీళ్ల దగ్గర కూర్చుని, నిద్ర ముంచుకొచ్చేదాకా ఆ అర్జీ చదువుతాడు. కలలో జవాబు వస్తుంది: మనుషుల కోసం మీరు వేడుకోవాలి, మీ కోసం మనుషులు కాదు. మీ మనవి ఎన్నటికీ చెల్లదు. ఆ మాట చెప్పడానికి ఆయన తిరిగి వెళ్లేసరికి వాళ్లంతా ఒకచోట చేరి, ముఖాలు కప్పుకుని ఏడుస్తూ ఉంటారు.

ఈ సన్నివేశం మీద ఎంత ఆలోచించినా తక్కువే. ఇక్కడ దూతలు అడిగారు. సిగ్గుపడ్డారు, ఏడ్చారు, మధ్యవర్తిని పెట్టుకున్నారు. అయినా కాదన్నారు. అంటే దూతలు పశ్చాత్తాపపడలేరన్న తర్వాతి సిద్ధాంతం ఈ పాత గ్రంథానికి తెలియదు. దాని లెక్క వేరు: వాళ్లు చావులేని ఆత్మలు, ఎత్తైన చోట ఉండవలసినవాళ్లు, తమ హోదాను తామే తలకిందులు చేసుకున్నారు. చావు ఉన్న మనిషికి భార్యను, సంతానాన్ని ఇచ్చాను, మీకు అది అవసరం లేదు కదా అని దేవుడు నిలదీస్తాడు. హనోకు గ్రంథంలో అడిగి తిరస్కారం పొందినవాళ్లు సువార్తల్లోకి వచ్చేసరికి అడగడమే మానేశారు. క్రైస్తవ ఆలోచన రెండో చిత్రాన్నే పట్టుకుంది. మొదటిదాన్ని ఒప్పుకుంటే ఏడ్చి అడిగినవాణ్ణి తోసిపుచ్చిన దేవుణ్ణి సమర్థించుకోవలసి వస్తుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానం చదివే సంఘానికి అది చాలా కష్టం.

ఈ చిక్కును తలుపు తట్టి ఇంట్లోకి తెచ్చింది ఓరిగెన్. దాదాపు 185లో పుట్టాడు, అలెగ్జాండ్రియాలో పాఠాలు చెప్పాడు, తర్వాత పాలస్తీనాలోని కైసరయలో స్థిరపడ్డాడు, దెకియు చక్రవర్తి హింసాకాలంలో చెరసాలలో చిత్రహింసలు పడ్డాడు. ఆయన లెక్కలో బుద్ధి ఉన్న జీవులన్నీ మొదట సమానమే, స్వేచ్ఛ కలవే. దేవుని మీద ప్రేమ చల్లారి కొన్ని కొంచెం జారాయి, కొన్ని చాలా లోతుకు జారాయి. దూత, మనిషి, దయ్యం అనే తేడా ఆ జారుడులో వచ్చిందే. శిక్ష అంటే చికిత్స. ముగింపు ఆరంభంలాగే ఉండాలి, దేవుడు సర్వంలో సర్వమవుతాడని పౌలు అన్నాడు కదా. అయితే రాబోయే యుగాల్లో దయ్యాలు కూడా తిరిగి రావచ్చా? ఆ ప్రశ్నను ఓరిగెన్ తేల్చకుండా చదివేవాళ్ల ఆలోచనకే వదిలేశాడు. సాతాను రక్షణ పొందుతాడని నేను చెప్పానంటున్నారు, మతి పోయినవాడు కూడా అలా అనడు అని ఒక ఉత్తరంలో మొత్తుకున్నాడు కూడా.

ఆ నింద ఎలా పుట్టిందో బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము రాసిపెట్టాడు. కాండిడస్ అనే జ్ఞానవాదితో (రహస్య జ్ఞానం వల్లే రక్షణ అనే తెగవాడు) ఓరిగెన్‌కు వాదం జరిగింది. సాతాను స్వభావమే చెడ్డది, అది ఎప్పటికీ రక్షణ పొందలేదన్నాడు కాండిడస్. కాదు, స్వభావం చెడ్డది కాదు, తన చిత్తంతో పడ్డాడు అన్నాడు ఓరిగెన్. అయితే రక్షణ పొందగల స్వభావమే అన్నమాట అని ప్రత్యర్థులు దాన్ని అందుకున్నారు. వింతేమిటంటే ఇందులో ఓరిగెన్ చెప్పిన సగం తర్వాత సంఘానికి అధికారిక బోధ అయింది. అపవాదినీ మిగతా దయ్యాలనూ దేవుడు మంచి స్వభావంతోనే సృష్టించాడు, వాళ్లంతట వాళ్లే చెడ్డవాళ్లయ్యారు అని 1215లో రోమ్‌లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ప్రకటించింది. అలా అనకపోతే చెడును సృష్టించింది దేవుడే అవుతాడు, లేదా చెడు దేవునికి పోటీ దేవుడవుతుంది. అలా అంటే మాత్రం మంచిగా పుట్టి తన ఇష్టంతో చెడినవాడు తన ఇష్టంతో ఎందుకు తిరిగి రాకూడదన్న ప్రశ్న మెడకు చుట్టుకుంటుంది. అసలు ముడి ఇదే.

జయవిజయుల కథ విన్న తెలుగు పాఠకుడికి ఓరిగెన్ మాట అంత కొత్తగా అనిపించదు. వైకుంఠ ద్వారపాలకులు శాపం తగిలి హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టి, వైరంతోనే హరిని తలచి మూడు జన్మల్లో తిరిగి ద్వారం దగ్గరికి చేరారు. అక్కడ శాపానికి గడువుంది, పైగా అది స్వామి ఎరుకలోనే జరిగింది. బైబిలు దూతలకు మరో జన్మ లేదు, వైరం భక్తిగా మారే దారీ లేదు. దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని యాకోబు పత్రిక 2:19 చెబుతుంది. ఆ నమ్మకం వాటికి ఏమీ ఒరగబెట్టలేదు.

ఓరిగెన్ చనిపోయి దాదాపు మూడు వందల ఏళ్లయినా గొడవ చల్లారలేదు. దయ్యాలకూ దుష్టులకూ పడే శిక్ష ఏదో ఒకనాటికి ముగుస్తుందని అన్నవాడు శాపగ్రస్తుడని 543లో జస్టీనియన్ చక్రవర్తి శాసనం చేశాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఓరిగెన్ అనుచరుల మీద శాపాలు మళ్లీ వచ్చాయి. వాటిని సభ లాంఛనంగా ఆమోదించిందా లేదా అన్నదానిపై పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. తమాషా ఏమిటంటే అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందే నిస్సా ఊరి బిషప్ గ్రెగొరీ ఇంకా తెగించి రాశాడు. మానవ శరీరమనే ఎర వెనక దైవత్వమనే గాలం దాచి దేవుడు సాతానును పట్టాడని, ఆ పట్టడం చివరికి మోసపోయిన సాతానుకు కూడా మేలే చేస్తుందని ఆయన ఉద్దేశం. రోగానికి మందు పడ్డట్టు చెడును మొదలుపెట్టినవాడికే చికిత్స జరుగుతుందట. ఆయన్ను ఎవరూ శపించలేదు, తూర్పు సంఘాల్లో ఇప్పటికీ పునీతుడే. సిద్ధాంతంతో పాటు మనిషికున్న పలుకుబడి, కాలం, చక్రవర్తి రాజకీయం కూడా ఈ తీర్పుల్లో పనిచేశాయని అనుకోవడంలో తప్పులేదు.

పడమటి దిక్కున లాటిన్ వేదాంతి అగస్టీన్ ఈ తలుపు గట్టిగా మూసేశాడు. దైవనగరం గురించిన తన పెద్ద గ్రంథం 21వ భాగంలో, నరకంలో మనుషులు శాశ్వతంగా ఉండరనే మెత్తని మనసు క్రైస్తవులను పట్టుకుని ఒక ప్రశ్న వేస్తాడు. జాలే కొలమానమైతే మనుషుల దగ్గర ఎందుకు ఆగారు? దయ్యాలకూ చాపండి. ఓరిగెన్ కనీసం ఆ పని చేశాడు కదా. మీరు అంతదాకా వెళ్లడం లేదంటే జాలి ఒక్కటే సరిపోదని మీరే ఒప్పుకున్నట్టు. ఈ వాదం నచ్చకపోయినా, దాని పదును ఒప్పుకోక తప్పదు. ఓరిగెన్ మీద ఆయన ఫిర్యాదు మరొకటి కూడా ఉంది. పడినవాళ్లు లేవగలిగితే లేచినవాళ్లు మళ్లీ పడగలరు. అప్పుడు పరలోకంలో ఉన్నవాడికి కూడా రేపటి మీద ధీమా ఉండదు. గబ్రియేలు రేపు పడిపోడన్న భరోసా, సాతాను రేపు లేవడన్న మాట ఆయన దృష్టిలో ఒకే తాడుకు రెండు కొసలు.

సంఘం ఎక్కువగా పట్టుకున్న కారణం మాత్రం ఎనిమిదో శతాబ్దపు సిరియా సన్యాసి డమాస్కస్ యోహాను మాటలో ఉంది: మనుషులకు మరణం ఎలాగో దూతలకు పడిపోవడం అలాగే, ఆ తర్వాత పశ్చాత్తాపం లేదు. ఎందుకలా అన్నదానికి 13వ శతాబ్దంలో కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ పూర్తి వివరణ ఇచ్చాడు. మనిషి ఒక విషయాన్ని ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటాడు. ఇది చూసి, అది విని, లెక్క వేసి, పొరపడి, మళ్లీ సరిదిద్దుకుంటాడు. అందుకే అతని చిత్తం ఎంచుకోకముందూ మారగలదు, ఎంచుకున్నాకా మారగలదు. దూతకు శరీరం లేదు, ఆకలి నిద్ర లేవు, కోపం దిగాక వచ్చే రెండో ఆలోచన లేదు. దూత చూసేది ఒక్క చూపులో, మొత్తంగా. ఆ చూపుతో చేసిన ఎంపిక మీద పునరాలోచనకు కొత్త ఆధారమంటూ ఏమీ మిగలదు. కాబట్టి దూత చిత్తం ఎంపికకు ముందు మాత్రమే అటో ఇటో వంగుతుంది. పేతురు కోడి కూయగానే ఏడ్చాడు. దూతకు కోడికూత అంటూ ఉండదు.

వివరణ అందంగా ఉంది. అందుకే కతోలిక సంఘం ధర్మోపదేశ గ్రంథం (1992) 393వ పేరాలో దాన్నే స్వీకరించింది: దూతల పాపం క్షమించరానిదైంది దేవుని కనికరంలో లోటుండి కాదు, వాళ్ల ఎంపిక తిరుగులేనిది కావడం వల్ల. ఇక్కడ జరిగిన పని గమనించాలి. హనోకు గ్రంథంలో దేవుడి ఆస్థానంలో ఉన్న తాళం ఇప్పుడు దూత గుండెలోకి మారింది. దేవుడు ఇవ్వనన్నాడు అన్నది పోయి, వాడు పుచ్చుకోలేడు అన్నది వచ్చింది. దేవుడి మీద నింద తొలగిపోవడం దీని వల్ల కలిగిన లాభం.

అయినా ఈ వివరణకు ఒక పగులుంది. అంత స్పష్టంగా, ఒక్క చూపులో అంతా చూడగలవాడు అసలు ఎలా తప్పాడు? అక్వినాస్‌కు ఈ ప్రశ్న తెలియక కాదు. దూత చెడును మంచి అనుకుని పొరబడలేదు, దేవునిలా ఉండాలన్న మంచినే కోరుకున్నాడు, కాకపోతే దేవుడిచ్చే కృపగా కాక తన సొంత బలంతో పొందాలనుకున్నాడు, ఉండవలసిన క్రమాన్ని పట్టించుకోలేదు అంటాడు. సరే, పడిపోవడానికి అది చాలు. కానీ తెలియక కాక పట్టించుకోక పడ్డవాడు తర్వాత పట్టించుకోవడానికి అడ్డేమిటి? బురద అంటుకున్నాక కూడా దూత బుద్ధి మసకబారలేదనే అక్వినాస్ కూడా అంటాడు. అలాంటప్పుడు తన గతి ఏమిటో స్పష్టంగా చూస్తూ మారలేకపోవడానికి బుద్ధి ఒక్కటే కారణమనడం పూర్తిగా నమ్మించదు. తర్వాతి తరంలో మరో వేదాంతి డన్స్ స్కోటస్ ఈ వివరణను ఒప్పుకోలేదు. చిత్తం స్వభావరీత్యా అలా బిగుసుకుపోదని, కృప అందకపోవడమే అసలు సంగతని వాదించాడు. దాంతో బంతి మళ్లీ దేవుడి వైపే వచ్చి పడింది. ఇంగ్లండులో ప్రొటెస్టెంట్లు రాసుకున్న పదిహేడో శతాబ్దపు వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం ఆ మాటను మొహమాటం లేకుండా చెప్పేసింది: మనుషుల్లో కొందరిలాగే దూతల్లో కొందరు జీవానికి నియమితులు, మిగతావాళ్లు కాదు, అది దేవుని నిర్ణయం. తర్కానికి లోటులేదు, మనసుకే మింగుడుపడదు.

ఈ మొత్తం వాదాల్లో అక్వినాస్‌కన్నా ముందే వచ్చినా తక్కువగా వినిపించేది అన్సెల్మ్ వాదం. కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఉన్న ఆయన, దేవుడు ఎందుకు మనిషయ్యాడన్న గ్రంథాన్ని 1098లో పూర్తిచేసి, దాని చివర్లో అపవాది రక్షణ అసాధ్యమని రెండు కారణాలు చెప్పాడు. రెండోది తేలికైనది: మనిషిని ఇంకొకడు శోధించి పడేశాడు కాబట్టి ఇంకొకడు లేపవచ్చు, దూత ఎవరూ తోయకుండానే పడ్డాడు కాబట్టి ఎవరి సాయమూ లేకుండానే లేవాలి, అది వాడి వల్ల కాదు. ఇందులో ఓ బలహీనత ఉంది. సాతానుకు శోధకుడు లేకపోవచ్చు, అతని వెంట పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లను అతనే లాగాడు కదా.

మొదటి కారణం అలా తేలిపోదు. మనుషులంతా ఒక్క ఆదాము సంతానం, ఒక్క రక్తం. అందుకే ఒకడు అందరి తరఫున నిలబడగలడు. దూతలు ఒక దూతకు పుట్టినవాళ్లు కారు. వాళ్లలో తండ్రి లేడు, కొడుకు లేడు, అన్నదమ్ములు లేరు. ఒక్కొక్కరూ విడివిడిగా సృష్టి అయ్యారు. దేవుడు ఒకవేళ దూత రూపం ధరించినా, ఆ దూత చేసింది ఇంకో దూతకు చెందదు, ఎందుకంటే వాళ్ల మధ్య వంశమన్నదే లేదు. ప్రతి దూతా ఒక ప్రత్యేక జాతి అని అక్వినాస్ వేరే సందర్భంలో చెప్పిన మాట దీనికి ఇంకా బలమిస్తుంది.

రూతు కథ తెలిసిన తెలుగు క్రైస్తవుడికి ఈ వాదం చప్పున అందుతుంది. నయోమి పొలం విడిపించడానికి ఊళ్లో డబ్బున్నవాళ్లు, జాలి ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే చాలదు. దగ్గరి బంధువు రావాలి. బోయజు కన్నా దగ్గరివాడు ఒకడున్నాడు కాబట్టి బోయజు ముందు పట్టణ ద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి అతన్నే అడిగాడు, అతను కాదన్నాకే తాను విడిపించాడు. లేవీయకాండం 25లో పెట్టిన పద్ధతి అది. పరాయివాడు వచ్చి విడిపించే దారి ఆ చట్టంలో లేదు. హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం యేసు గురించి చెప్పేది కూడా ఇలాగే సాగుతుంది: పిల్లలు రక్తమాంసాలు గలవాళ్లు కాబట్టి ఆయనా రక్తమాంసాల్లో పాలివాడయ్యాడు, వారిని సహోదరులని పిలవడానికి సిగ్గుపడడు, అన్నింటిలోనూ వారిలాంటివాడు కావలసి వచ్చింది. దూతల స్వభావాన్ని ధరించలేదన్న 16వ వచనం సరిగ్గా ఆ మాటల మధ్యనే ఉంది. అన్సెల్మ్ వాదానికి లేఖనంలో ఇంత దగ్గరి పునాది ఉండగా, సంఘ బోధలో దూత మనస్తత్వం గురించిన వివరణే ఎక్కువ పేరు తెచ్చుకోవడం ఆశ్చర్యమే. ఈ వాదం దూత మొండివాడా కాదా అని అడగదు. సిలువ మీద చనిపోయినవాడు ఎవరికి ఏమవుతాడు అని అడుగుతుంది. క్షమాపణను పైనుంచి రాసిచ్చే ఉత్తర్వుగా చూస్తే దూతలకు ఇవ్వకపోవడం పక్షపాతంలా కనిపిస్తుంది. కొత్త నిబంధన దాన్ని చుట్టరికంగా చూసింది.

దీనికీ ఒక అడ్డు ప్రశ్న ఉంది. కొలస్సయులకు రాసిన పత్రిక 1:20లో సిలువ రక్తం వల్ల భూమ్మీద ఉన్నవే కాక పరలోకంలో ఉన్నవి కూడా దేవునితో సమాధానపడతాయని పౌలు అన్నాడు. పరలోకంలో సమాధానపడవలసినవి ఏవి? పడని దూతలకు సమాధానం అక్కర్లేదు. ఈ వచనం దగ్గర వ్యాఖ్యానాలన్నీ కాస్త తడబడతాయి. సమాధానమంటే ఇక్కడ లోబరచుకోవడమేనని కొందరంటారు. అందుకు సాయంగా అదే పత్రిక 2:15లో ప్రధానులనూ అధికారులనూ సిలువ చేత ఓడించి ఊరేగించిన బొమ్మను చూపిస్తారు. అది బలమైన ఆధారమే. కానీ మొదటి అధ్యాయంలోని మాట ఊరేగింపు బొమ్మ కన్నా మెత్తగా ఉందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ మెత్తదనాన్ని ఎక్కువ దూరం తీసుకెళ్లింది ఏడో శతాబ్దపు నీనెవె ఇసాకు. ఇప్పటి ఖతార్ ప్రాంతంలో పుట్టి, నీనెవెకు బిషప్ అయి, కొన్ని నెలలకే ఆ పదవి వదిలి కొండల్లోకి పోయిన సిరియక్ సన్యాసి. కనికరం గల హృదయం ఎలా ఉంటుందని అడిగితే, సృష్టి అంతటి కోసం మండే గుండె అన్నాడు: మనుషుల కోసం, పక్షుల కోసం, జంతువుల కోసం, దయ్యాల కోసం. ఆయన రచనల్లో పోయిందనుకున్న రెండో భాగాన్ని 1983లో సిరియక్ పండితుడు సెబాస్టియన్ బ్రాక్ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో గుర్తించాడు. అందులో ఇసాకు ఇంకా సూటిగా మాట్లాడతాడు. దేవుడు పగ తీర్చుకునేవాడు కాడు, దయ్యాలు తమ దయ్యపు స్థితిలోనే ఉండిపోవు అంటాడు. 20వ శతాబ్దంలో పారిస్‌లో స్థిరపడిన రష్యన్ వేదాంతి సెర్గీ బుల్గకోవ్ పడిపోయిన దూతల పునరుద్ధరణ గురించి విడిగా వాదించాడు. వీళ్లది ఎప్పుడూ తక్కువమంది గొంతే. ఆర్థడాక్స్ సంఘాల్లో కూడా దీన్ని ఒకరి ఆశగా సహిస్తారు, బోధగా ఒప్పుకోరు.

ఈ తేడా పుస్తకాల్లోనే ఉండిపోదు, ప్రార్థన దగ్గర బయటపడుతుంది. సంఘం తన శత్రువుల కోసం ప్రార్థిస్తుంది, సాతాను కోసం ఎందుకు ప్రార్థించదు? అగస్టీన్ దీనికి జవాబు చెప్పాడు. మనిషి శత్రువు బతికున్నంత కాలం మారే వీలుంది, అందుకే అతని కోసం ప్రార్థిస్తాం. ఫలానా మనిషి అపవాదితో పాటు నిత్యాగ్నికి పోయేవాడని ఖాయంగా తెలిస్తే అతని కోసం కూడా ప్రార్థించం. తెలియదు కాబట్టి అందరి కోసం ప్రార్థిస్తాం. కతోలిక, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ ఆరాధనలన్నీ ఆచరణలో ఈ గీత మీదే నడుస్తున్నాయి. బాప్తిస్మంలో అపవాదినీ వాని క్రియలనూ విడిచిపెడుతున్నానని చెప్పించే సంఘాలున్నాయి గానీ, అపవాది మారాలని ఆరాధన క్రమంలో రాసుకున్న సంఘం లేదు. ఇసాకు కూడా ఆ ప్రార్థనను సంఘం చేత చేయించమనలేదు. తన గదిలో, తన కన్నీళ్లతో, ఒంటరిగా ఉన్న సన్యాసి గుండెలో పుట్టే మాటగానే దాన్ని రాసుకున్నాడు.